కంప్యూటర్‌లో వినిపించే గొంతు ఎవరిదో కనుక్కోవడం ఎలా?

ఫోనో కంప్యూటరో పలికే గొంతు ఎవరిదని అడిగితే ఇంటర్నెట్‌లో జవాబులకు కొదవ ఉండదు. వాటిలో ఏది నమ్మదగినదో తేల్చుకోవడమే కష్టం. అందుకే పేరు వెతికే ముందు ఆ గొంతు ఎలా తయారైందో తెలుసుకోవాలి. తయారైన పద్ధతిని బట్టే ఆధారాలు దొరికే చోటు మారుతుంది.

మొదట చెవిని వాడండి. ఆ పరికరానికి వచ్చినవి నాలుగైదు మాటలే అయి, అవి ఎప్పుడు విన్నా అదే ఊనికతో వినిపిస్తుంటే, ఎవరో ఒకరు చదివిన రికార్డింగునే అది ఉన్నదున్నట్టుగా వినిపిస్తోందని అర్థం. అమెరికా ఆన్‌లైన్ అనే ఇంటర్నెట్ సేవ వాడుకరులను పలకరించిన "యూవ్ గాట్ మెయిల్", అంటే "మీకు మెయిల్ వచ్చింది", ఇలాంటిదే. ఆ సంస్థ అప్పటి పేరు క్వాంటమ్ కంప్యూటర్ సర్వీసెస్. అందులో భార్య పనిచేస్తుండడం వల్ల ఎల్వుడ్ ఎడ్వర్డ్స్ 1989లో తన ఇంటి ముందుగదిలోనే కూర్చొని, ఆ మాటను మరి కొన్ని పలకరింపులతో కలిపి క్యాసెట్ మీద రికార్డు చేసి ఇచ్చారు. దానికి ఆయనకు ముట్టింది 200 డాలర్లు. ఇటువంటి గొంతుల జాడ తీయడం తేలిక, చదివినవారికి తాము ఏం చదివామో, ఎవరికోసం చదివామో తెలుసు కాబట్టి.

ఎన్నడూ వినని ఊరి పేరును సైతం చదివేసే గొంతు సంగతి వేరు. ఈ మధ్యవరకు ఎక్కువగా వాడిన పద్ధతిలో కళాకారులు వారాల తరబడి వేలాది వాక్యాలు చదివేవారు. ఆ వాక్యాలకు అర్థం ఉండనక్కర్లేదు, భాషలోని ధ్వనులన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా ఉంటే చాలు. తరువాత ఆ రికార్డింగును ముక్కలుగా కోసి, కావలసిన మాటను కంప్యూటర్ అతికేది. ఒకే మాటను వేర్వేరు వాక్యాల్లో పలికించి వింటే ఆ అతుకుల దగ్గర చిన్న కుదుపు తెలుస్తుంది. అసలు ముక్కలే లేని పాత పద్ధతి మరొకటి ఉంది: డెనిస్ క్లాట్ అనే పరిశోధకుడు తన గొంతు కొలతల ఆధారంగా లెక్కలతోనే ఒక గొంతును కట్టారు, స్టీఫెన్ హాకింగ్ వాడినది దాని నుంచి వచ్చినదే. రికార్డింగుల నుంచి కంప్యూటరే నేర్చుకుని గొంతును పుట్టించే ఇప్పటి న్యూరల్ పద్ధతిలో తయారైన గొంతుల్లో అతుకులు వినిపించవు కనుక ఈ పరీక్ష వాటి దగ్గర పనిచేయదు; అక్కడ రాతపూర్వకమైన ఆధారాలే దిక్కు.

తరువాత ప్రశ్నను సరిగ్గా కుదించుకోవాలి. ఆపిల్ ఫోన్లలో మాట్లాడే సహాయకి సిరి విషయమే చూడండి: "సిరి గొంతు ఎవరిది?" అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఏ దేశపు ఇంగ్లీషు, ఏ సంవత్సరం అన్నవి చేర్చి అడిగితేనే జవాబు ఉంటుంది. 2011లో ఐఫోన్ 4ఎస్‌తో వచ్చిన అమెరికన్ గొంతు సుసాన్ బెన్నెట్‌ది, బ్రిటిష్ గొంతు జాన్ బ్రిగ్స్‌ది, ఆస్ట్రేలియన్ గొంతు కారెన్ జేకబ్సన్‌ది. ఆ తరువాత వచ్చిన సిరి గొంతులు వేరు. చాలా జాబితాలు తప్పటడుగు వేసేది ఇక్కడే.

అన్నిటికన్నా ముఖ్యం, పరికరాన్ని అమ్మిన సంస్థ దగ్గర ఆగిపోకుండా గొంతును సరఫరా చేసిన సంస్థ దాకా వెళ్లడం. బెన్నెట్ 2005 జూలైలో నెలపాటు, రోజుకు సుమారు నాలుగు గంటల చొప్పున, స్కాన్‌సాఫ్ట్ అనే సంస్థకోసం చదివారు. ఆ రికార్డింగులు ఎక్కడ తేలుతాయో ఆమెకు తెలియదు. తన గొంతే సిరి గొంతు అయిందన్న సంగతి ఆరేళ్ల తరువాత తోటి కళాకారుడొకరు పంపిన ఈమెయిల్ చూశాకే ఆమెకు తెలిసింది. అంటే కళాకారులకే తెలియని విషయాన్ని మనం వెతుకుతూ ఉండవచ్చు. కాబట్టి ఆ గొంతుకు ఆధారమైన ఇంజిన్ (రాతను మాటగా మార్చే సాఫ్ట్‌వేర్) పేరు, దాన్ని తయారుచేసిన సంస్థ పేరు, రికార్డింగు కాలం ఈ మూడూ ముందు రాసి పెట్టుకోండి.

పేరు దొరికాక అది ఎవరు చెప్పిన మాటో విడదీసి రాయాలి. బెన్నెట్ తన సంగతిని 2013లో సీఎన్ఎన్‌కు వెల్లడించారు. గొంతులను పోల్చే నిపుణుడొకరు ఆమె గొంతూ సిరి గొంతూ ఒకటేనని ఆ వార్తాసంస్థకు చెప్పారు. ఆపిల్ మాత్రం ధ్రువీకరించలేదు. ఈ మూడు వాక్యాలనూ కలిపేసి "ఆపిల్ ఒప్పుకుంది" అని రాస్తే అబద్ధమవుతుంది. ఒప్పందం కారణంగా మౌనంగా ఉన్న కళాకారుల పేరును ఊహించి బయటపెట్టడం మాత్రం ఏ రకంగానూ సమంజసం కాదని నా అభిప్రాయం.

చాలామంది తిరగేయని చోటు ఒకటుంది, కోర్టు పత్రాలు. బెవ్ స్టాండింగ్ అనే కెనడా కళాకారిణి, అనువాద పని కోసమని తాను చదివిన గొంతు అనుమతి లేకుండా టిక్‌టాక్‌లో వినిపిస్తోందంటూ 2021లో అమెరికాలో దావా వేశారు. అదే ఏడాది అది రాజీతో ముగిసింది. ఎవరు, ఎవరికోసం, ఏ షరతుల మీద చదివారన్నది ఇలాంటి పత్రాల్లో ఉన్నంత స్పష్టంగా ఏ ఇంటర్వ్యూలోనూ ఉండదు.

మాట లేని ధ్వనులకైతే గొంతు ఇచ్చినవారిని కాక స్వరకర్తలను, ఇంజినీర్లను వెతకాలి. విండోస్ 95 ఆరంభ ధ్వనిని బ్రయన్ ఈనో కూర్చారు. ఆపిల్ మాకింటాష్ కంప్యూటర్లలోని "సోసుమి" అనే హెచ్చరిక ధ్వని జిమ్ రీక్స్‌ది. సంగీతపు పేర్లు పెట్టవద్దన్న ఆపిల్ న్యాయవాదుల మీద విసుగుతో ఆయన దానికి "సో స్యూ మీ", అంటే "అయితే దావా వేయండి", అని ధ్వనించే ఆ పేరు పెట్టి, జపనీస్ మాటేనని నమ్మించారు. ధ్వని ఫైలు పేరును కూడా ఓసారి పైకి చదివి చూడమనేది అందుకే.