హెడ్‌ఫోన్‌కు తగిన మ్యూజిక్ ప్లేయర్‌ను ఎంచుకోవడం ఎలా?

మ్యూజిక్ ప్లేయర్ కొనడానికి నెల్లూరు ట్రంకు రోడ్డులోని దుకాణానికి వెళ్లేవారు ముందుగా ఎన్ని జీబీలని అడుగుతారు, తర్వాత ధర అడుగుతారు. తమ హెడ్‌ఫోన్‌ను బల్ల మీద పెట్టి, దీనికి సరిపడే ప్లేయర్ చూపించమని అడిగేవారు అరుదు. బేరం మొదలు కావలసింది అక్కడి నుంచే.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడేవారికి ఈ బెడద చాలావరకు లేదు. అందులో డిజిటల్ సంకేతాన్ని శబ్దంగా మార్చే భాగమూ, యాంప్లిఫయరూ హెడ్‌ఫోన్ లోపలే ఉంటాయి కాబట్టి ప్లేయర్‌లోని ఖరీదైన యాంప్లిఫయర్‌కు పని ఉండదు. వారు రెండింటికీ ఉమ్మడిగా ఏ కోడెక్ (పాటను కుదించి బ్లూటూత్ మీద పంపే పద్ధతి) ఉందో చూసుకుంటే చాలు. ఇక్కడినుంచి చెప్పేదంతా తీగ ఉన్నవాటి గురించి.

హెడ్‌ఫోన్ పెట్టె మీద రెండు అంకెలు చూడాలి. మొదటిది ఓమ్‌లలో చెప్పే ఇంపెడెన్స్, అంటే కరెంటుకు హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు. రెండోది డెసిబెల్స్‌లో చెప్పే సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన విద్యుత్తుకు అది ఎంత శబ్దం చేస్తుందన్నది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో ఒకే పేరుతో 32, 80, 250 ఓమ్‌ల రకాలలో వచ్చింది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 అయితే 300 ఓమ్‌లు. ఓమ్‌లు ఎక్కువగా ఉన్న హెడ్‌ఫోన్‌కు ఎక్కువ వోల్టేజీ కావాలి. ఓమ్‌లు తక్కువగా ఉండి సెన్సిటివిటీ కూడా తక్కువగా ఉండే కొన్ని ప్లేనార్ (పలుచని పొర కదిలి శబ్దం చేసే) హెడ్‌ఫోన్లకు ఎక్కువ కరెంటు కావాలి. ఐదంతస్తుల మేడ మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు వేరు, కాలువలోంచి వరి మడికి నీళ్లు తోడే ఇంజను వేరు అన్న సంగతి మన జిల్లా వారికి వివరించి చెప్పనక్కర్లేదు.

సెన్సిటివిటీని కొందరు ఒక మిల్లీవాట్‌కు ఇంతని, మరికొందరు ఒక వోల్టుకు ఇంతని ముద్రిస్తారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒక మిల్లీవాట్‌కు 100 డెసిబెల్స్ ఇచ్చే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 1 వోల్టు అందితే సుమారు 31 మిల్లీవాట్లు చేరి, శబ్దం 115 డెసిబెల్స్ దాకా వెళుతుంది. చెవికి అది మరీ ఎక్కువ. అదే సెన్సిటివిటీ ఉన్న 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు అదే 1 వోల్టుతో సుమారు 3.3 మిల్లీవాట్లే చేరతాయి కాబట్టి గరిష్ఠ శబ్దం 105 దగ్గర ఆగుతుంది. సినిమా పాటకు అది ధారాళంగా సరిపోతుంది గానీ, తక్కువ స్థాయిలో రికార్డు చేసిన పాత కచేరీలకు చాలకపోవచ్చు. వోల్టేజీ రెట్టింపయితే 6 డెసిబెల్స్ పెరుగుతాయి కాబట్టి 300 ఓమ్‌ల వాటికి 2 వోల్టులు, అంతకుమించి ఇచ్చే ప్లేయర్ చూసుకోవడం మేలు. ప్లేయర్ పెట్టె మీద 500 మిల్లీవాట్లని పెద్ద అక్షరాలతో ఉంటే, అది ఎన్ని ఓమ్‌ల దగ్గర చెప్పిన లెక్కో చూడాలి. 32 ఓమ్‌ల దగ్గర 500 అంటే 4 వోల్టులు; అదే 4 వోల్టులతో 300 ఓమ్‌ల దగ్గర మిగిలేది 53 మాత్రమే.

ఇక నన్ను దెబ్బతీసిన అంకె ప్లేయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే ప్లేయర్ తన వైపు నుంచి కరెంటుకు పెట్టే అడ్డు. చాలా పెట్టెల మీద దీన్ని ముద్రించరు. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు ఇది మించకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. నేను పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒంగోలు నుంచి నెల్లూరు వెళ్లే దారిలో వినడానికి, ఒక్కో చెవికి మూడు నాలుగు డ్రైవర్లు (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్లు) ఉన్న ఇయర్‌ఫోన్ కొనుక్కున్నాను. దానికి తోడుగా తెచ్చిన ప్లేయర్ అవుట్‌పుట్ 10 ఓమ్‌లని తర్వాత తెలిసింది. అటువంటి ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్ అన్ని స్వరాల దగ్గర ఒకేలా ఉండదు. మంద్రస్థాయిలో 30 ఓమ్‌లు, తారస్థాయిలో 8 ఓమ్‌లు అనుకుంటే, 10 ఓమ్‌ల ప్లేయర్ ఆ రెండు చోట్ల మధ్య నాలుగున్నర డెసిబెల్స్ తేడా తెస్తుంది. 1 ఓమ్ ప్లేయర్‌తో ఆ తేడా ముప్పాతిక డెసిబెల్‌కు దిగుతుంది. మన నెల్లూరు బాలు గొంతులోని ఊపిరి ధ్వని అణగిపోయి, మృదంగం మాత్రం ముందుకొచ్చి కూర్చోవడానికి కారణం అదే. రికార్డింగును నిందించిన రోజులు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

సెన్సిటివిటీ ఎక్కువగా ఉన్న ఇయర్‌ఫోన్లతో మరో చిక్కు బుసశబ్దం. పాట ఆపి, ప్లేయర్‌ను ఆన్‌లోనే ఉంచి వింటే సన్నగా సుయ్‌మని వినిపిస్తుంది. ఫ్యాన్లూ ఏసీలూ తిరిగే దుకాణంలో అది తెలియదు కాబట్టి, రాత్రి ఇంట్లో పరీక్షించి నచ్చకపోతే మార్చుకునే వీలుందో లేదో ముందే అడిగి రసీదు మీద రాయించుకోవాలి. వాల్యూమ్ అడుగున ఒక్క మెట్టు పెంచగానే శబ్దం గభాలున లేచినా ఆ ప్లేయర్ ఆ ఇయర్‌ఫోన్‌కు తగదు. శబ్దాన్ని పెంచే మోతాదు మార్చే లో, హై గెయిన్ మీట ఉంటే లో దగ్గర పెట్టి మళ్లీ చూడాలి.

మీ హెడ్‌ఫోన్ తీగకు 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ ప్లగ్ (ఎడమ, కుడి చెవుల సంకేతాలను పూర్తిగా వేర్వేరు తీగలతో పంపేది) లేకపోతే, ఆ రంధ్రం ఉన్నందుకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. రికార్డింగు ఎంత సూక్ష్మంగా ఉందో చెప్పే 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అన్న అంకెలను నేను చివర చూస్తాను, ఎందుకంటే సీడీ 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ అయినా వినికిడికి చాలినంత ఇస్తుంది. మైపాడు, కొత్తపట్నం తీరాన ఉండేవారు మాత్రం ఉప్పు గాలికి ప్లగ్ నల్లబడుతుంది కాబట్టి అప్పుడప్పుడు పొడి గుడ్డతో తుడవాలి.

ప్లేయర్‌కు డబ్బు తీసే ముందు, ఫోన్ టైప్-సి రంధ్రంలో పెట్టే చిన్న డాంగిల్ ఒకటి ఎవరిదైనా అడిగి తెచ్చుకుని మీ హెడ్‌ఫోన్‌తో వారం రోజులు వినండి. అతి నెమ్మదైన పాటకు కూడా వాల్యూమ్ ముప్పాతిక దాటకుండా, బుస లేకుండా సరిపోతే వేరే ప్లేయర్ అవసరం లేదు. నా మూడు నాలుగు డ్రైవర్ల ఇయర్‌ఫోన్ ఇప్పుడు అటువంటి డాంగిల్ మీదనే నడుస్తోంది. ఆ 10 ఓమ్‌ల ప్లేయర్‌కు మా తమ్ముడి 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్ చక్కగా కుదిరింది.