తుడిస్తే చాలా, క్రిమిసంహారకం కూడా వాడాలా?

పదిమంది తిరిగే చోట బ్లీచ్ సీసా అందుకునే ముందు ఇవి చూసుకోండి.

– అక్కడ వాంతి, విరేచనం, రక్తం పడ్డాయా? అంటుజబ్బు ఉన్నవారు గత 24 గంటల్లో గడిపారా? ఇవేవీ లేకపోతే సబ్బునీళ్లు చాలు. చాలా క్రిములు వాటితోనే పోతాయి.

– అందరి చేతులూ తగిలేవి ముందు: తలుపు హ్యాండిళ్లు, రెయిలింగ్, లిఫ్ట్ బటన్లు, కుళాయిలు. రద్దీ పెరిగితే ఎక్కువసార్లు తుడవాలి. గోడలకు అంత తొందర లేదు.

– బ్లీచ్ లాంటి క్రిమిసంహారక మందు వాడాల్సి వస్తే ముందు మురికి కడిగేయండి. మురికి మీద పోస్తే అది సరిగా పనిచేయదు. ఆ తర్వాత లేబుల్‌పై రాసినంతసేపు ఆ చోటు తడిగానే ఉండాలి. వెంటనే తుడిచేస్తే పడ్డ శ్రమంతా వృథా.

– బ్లీచ్‌ను యాసిడ్‌తో గానీ అమోనియాతో గానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. దయచేసి ఈ ఒక్క మాట శుభ్రం చేసేవాళ్లకు నోటితో చెప్పండి. లేబుల్ ఉంది కదా అని వదిలేయకండి, ప్రమాదం వాళ్లకే.

– గ్లవ్స్ ఉన్నాయా, కిటికీలు తెరిచారా?

– వీధుల్లో మందు చల్లించే ఆలోచన ఉంటే మానుకోండి. మట్టి, చెత్త దాన్ని పనిచేయనివ్వవు. మనుషుల మీద అసలే చల్లకూడదు, కళ్లకూ ఊపిరితిత్తులకూ హాని.