విద్యార్థి నర్సులకు నేర్పే మెంటర్ శిక్షణ: దరఖాస్తు ఎలా చేసుకోవాలి?

క్లినికల్ పోస్టింగ్‌కు వచ్చిన నర్సింగ్ విద్యార్థికి షిఫ్టంతా పక్కన ఉండేది ఎక్కువగా డ్యూటీలో ఉన్న సీనియర్ సిస్టరే. కాలేజీ ట్యూటర్ వచ్చి వెళ్తుంటారు. సిరంజి పట్టుకోవడం నుంచి రోగి బంధువులతో మాట్లాడటం దాకా విద్యార్థి ఆ సిస్టర్‌ను చూసే నేర్చుకుంటాడు. పని బాగా వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు, దానికి వేరే సాధన కావాలి. అందుకే అనుభవమున్న నర్సులకు మెంటర్ శిక్షణ ఇస్తారు. కొన్నిచోట్ల ఈ బాధ్యతను ప్రిసెప్టర్ అంటారు.

ఎన్నేళ్ల అనుభవం ఉండాలి, ఏ విభాగాల వారు అర్హులు అన్నది ఆ విడత నోటిఫికేషన్‌లోనే చూడాలి. పాత నోటిఫికేషన్‌ను నమ్ముకుని ఫారం నింపకండి. ముందుగా చూసుకోవాల్సింది నర్సింగ్ కౌన్సిల్‌లో మీ రిజిస్ట్రేషన్ గడువు. శిక్షణ మధ్యలో గడువు తీరేలా ఉంటే రెన్యువల్ చేయించుకున్నాకే దరఖాస్తు పెట్టండి. పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. డిప్లొమా లేదా డిగ్రీ సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు, సర్వీసు రికార్డులో పెళ్లి తర్వాతి పేరు ఉంటే, ఆ రెండూ మీవేనని చూపే పత్రం జతచేయాలి. ఇలాంటి చిన్న తేడాకే ఫైలు పక్కన పడిపోతుంది.

మామూలుగా అడిగేవి రిజిస్ట్రేషన్ కాపీ, విద్యార్హత పత్రాలు, సర్వీస్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు, ఫొటో. సర్వీస్ సర్టిఫికెట్‌లో మీరు ఏ వార్డులో ఎంతకాలం పనిచేశారో విడివిడిగా రాయించుకోండి. ఐసీయూలో పనిచేసిన అనుభవం, పిల్లల వార్డులో పనిచేసిన అనుభవం ఒకటి కావు. మీ దగ్గరికి ఎలాంటి విద్యార్థులను పంపాలో దాన్నిబట్టే తేలుతుంది.

పై అధికారి సిఫారసు లేఖ

నర్సింగ్ సూపరింటెండెంట్ లేదా మీ పై అధికారి ఇచ్చే లేఖను చివరి రోజు దాకా వదిలేయొద్దు. డ్యూటీ రోస్టర్ వేయకముందే వెళ్లి మాట్లాడండి. శిక్షణ రోజుల్లో మిమ్మల్ని డ్యూటీ నుంచి విడుదల చేస్తామని లేఖలో స్పష్టంగా ఉండాలి. శిక్షణ అయ్యాక మీకు విద్యార్థులను అప్పగిస్తామని, వారితో గడపడానికి సమయం ఇస్తామని కూడా రాయమని అడగండి. ఫారంలో అడగకపోయినా సరే, అడగండి. మామూలు రోగుల సంఖ్యనే మోస్తూ విద్యార్థిని కూడా చూసుకోమంటే, ఎంత మంచి శిక్షణ తీసుకున్నా అది కాగితం మీదే మిగిలిపోతుంది.

మీ గురించి మీరు రాసే పేజీ

నా దృష్టిలో దరఖాస్తు మొత్తానికీ ప్రాణం ఈ పేజీయే. చాలామంది ‘నాకు బోధన అంటే ఆసక్తి, ఎందరో విద్యార్థులకు మార్గదర్శనం చేశాను’ అని రాసి ముగిస్తారు. దాన్నిబట్టి చదివేవారికి మీ గురించి ఏమీ తెలియదు. దానికి బదులు మీరు నేర్పిన ఒక్క పనిని తీసుకుని వివరంగా రాయండి.

సెలైన్ చుక్కల లెక్కనే తీసుకోండి. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో ఎక్కించాలి. సెలైన్ సెట్ (సీసా నుంచి వచ్చే గొట్టం) మిల్లీలీటరుకు 20 చుక్కలు ఇచ్చేది. అంటే మొత్తం 10,000 చుక్కలను 240 నిమిషాలతో భాగించాలి, నిమిషానికి సుమారు 42 వస్తాయి. సీనియర్ నర్సు చేయి దాదాపు అలవాటుగానే చుక్కల వేగాన్ని మార్చే రోలర్‌ను అక్కడికి తెచ్చేస్తుంది. విద్యార్థికి మాత్రం ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చిందో అంతుపట్టదు. మీరు లెక్క ఎలా చేయించారు, గడియారం చూస్తూ చుక్కలు ఎలా లెక్కపెట్టించారు, గుండె జబ్బున్న రోగికి అదే వేగం ఎందుకు ప్రమాదం కావచ్చో ఎప్పుడు అడిగారు? ఇవి రాస్తే నేర్పేటప్పుడు మీరు ఎలా ఆలోచిస్తారో కనిపిస్తుంది. ఉదాహరణలో రోగి పేరు, విద్యార్థి పేరు రాయకండి.

ఇంటర్వ్యూ ఉంటే ఎదురయ్యే అవకాశమున్న ప్రశ్న ఒకటుంది: విద్యార్థి తప్పు మందు ఇవ్వబోతే ఏం చేస్తారు? ముందు చేయి ఆపాలి, రోగి క్షేమంగా ఉన్నారో చూడాలి, ఆసుపత్రి పద్ధతి ప్రకారం రిపోర్ట్ చేయాలి. ఆ తర్వాత విద్యార్థితో విడిగా కూర్చుని మాట్లాడాలి. రోగి ముందే కేకలేస్తే విద్యార్థి నేర్చుకునేది భయమే. రేపు అదే టెన్షన్‌తో తప్పును దాచిపెట్టే ప్రమాదమూ ఉంది.

శిక్షణలో ఏముంటుందో ముందే కొంత తెలుసుకుని వెళ్తే మంచిది. 1992లో వైద్య విద్య కోసం వచ్చిన ‘వన్ మినిట్ ప్రిసెప్టర్’ పద్ధతి నర్సింగ్‌లోనూ బాగా వాడుకలో ఉంది. విద్యార్థి చేత ముందు తన నిర్ణయం చెప్పించాలి, ఎందుకలా అనుకున్నాడో అడగాలి, అక్కడ పనికొచ్చే ఒక సూత్రం చెప్పాలి, సరిగా చేసినదాన్ని మెచ్చుకోవాలి, తప్పును సరిదిద్దాలి. రద్దీ వార్డులో కూడా ఇది సాధ్యమే.

మూల్యాంకనం ఇంకా కష్టం. విద్యార్థికి పని రాలేదని తెలిసినా ఫెయిల్ చేయడానికి మెంటర్లు వెనకాడుతున్నారని బ్రిటన్‌లో 2003లో పరిశోధకురాలు కాథ్లీన్ డఫీ చేసిన అధ్యయనం చూపింది. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ 2018లో తెచ్చిన ప్రమాణాల్లో, పక్కనుండి నేర్పే బాధ్యతను, మార్కు నిర్ణయించే బాధ్యతను వేరు చేసింది. మీ ఫారంలో కూడా ఈ రెండు పాత్రలు వేర్వేరుగా కనిపిస్తే, దేనికి టిక్ పెడుతున్నారో ఆలోచించి పెట్టండి. మొదటిసారి అయితే నేర్పే పాత్రతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

ఆన్‌లైన్‌లో సమర్పించాక దరఖాస్తు నంబరున్న రసీదును దాచుకోండి. సవరణకు గడువు ఇస్తే ఆలోపే స్కాన్ కాపీలన్నీ తెరిచి, అక్షరాలు చదవగలిగేలా ఉన్నాయో లేదో చూసుకోండి. ఎంపిక కాకపోతే కారణం రాతపూర్వకంగా అడగండి. పత్రాల లోపమైతే సరిచేసుకుని తర్వాతి విడతకు పంపవచ్చు. అనుభవం చాలలేదంటే, ఈలోగా వార్డులో విద్యార్థులకు నేర్పిన పనులను తేదీలతో ఒక నోట్‌బుక్‌లో రాసి హెడ్ నర్సు చేత సంతకం చేయించుకుంటూ ఉండండి.