పాత చిత్రంలో తెరచాప ఓడను చదవడం ఎలా

ఓడ బొమ్మ కనబడగానే కాలం, దేశం తేల్చేయకండి. ముందు గాలి ఎటు వీస్తోందో పట్టుకోవాలి. తెరచాప ఉబ్బిన వైపే జెండా కూడా ఎగరాలి. వెనక గాలితో పోయే ఓడలో జెండా ముందుకే ఎగురుతుంది. ఓడ కంటే గాలి వేగం ఎక్కువ కాబట్టి. చాలామంది చిత్రకారులు దాన్ని వెనక్కి ఎగరేస్తారు. అలా కనబడితే తాళ్లు, ముడుల వివరాలనూ అనుమానంతోనే చూడండి.

తర్వాత తెరచాప ఆకారం. స్తంభానికి అడ్డంగా కట్టిన కొయ్యకు వేలాడే నలుచదరపు తెరచాప వెనక గాలికి బాగా పనికొస్తుంది, ఎదురుగాలికి మాత్రం అంతగా లొంగదు. ఏటవాలు కొయ్యకు కట్టిన ముక్కోణపు తెరచాప అయితే గాలికి ఇంకాస్త దగ్గరగా పోగలదు. కాబట్టి నలుచదరపు తెరచాపతో ఓడ సూటిగా ఎదురుగాలిలోకి దూసుకుపోతున్నట్టు గీస్తే అది చిత్రకారుడి కల్పన.

అసలు ఆధారం దొరికేది చుక్కాని దగ్గర. ఇంగ్లండ్ మీద నార్మన్లు 1066లో చేసిన దండయాత్రను చూపే బేయూ కుట్టుపని వస్త్రంలో ఓడలకు వెనక, కుడి పక్కన పెద్ద తెడ్డే చుక్కాని. రోమన్ ఓడలకు రెండు పక్కలా ఉండేవి. వెనక కొసకు మధ్యలో బిగించిన చుక్కాని ఐరోపా బొమ్మల్లో కనబడేది 12వ శతాబ్దం చివరి నుంచే. ఉత్తర ఐరోపా ఓడకు తెడ్డు ఎడమ పక్కన ఉంటే కాలం లెక్కలు వేసే ముందు ఒకటి చూడండి: అచ్చులో బొమ్మ తిరగబడి ఉండవచ్చు. రాగిరేకు మీద చెక్కి అద్దిన బొమ్మల్లో ఇది మామూలే.

శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు స్తంభాల ఓడ ఉంటుంది. అరిగిన నాణేన్ని నిటారు వెలుతురులో చూస్తే గీతలు చదునుగా కలిసిపోతాయి. దీపాన్ని ఒక పక్కన, బాగా కిందికి పెట్టి ఫొటో తీయండి. తర్వాత రెండో పక్క నుంచి మరొకటి. రెండింటిలోనూ నిలిచేదే గీత. ఒక్కదాంట్లోనే కనబడితే గీకుడో నీడో అయ్యుండొచ్చు.

గొప్ప చిత్రకారుడి పని అయినా పత్రాలతో సరిచూడాలి. 1838లో బ్రిటిష్ యుద్ధనౌక టెమెరేర్‌ను విరగ్గొట్టడానికి లాక్కెళ్లేటప్పటికి స్తంభాలు లేవు, లాగినవి రెండు ఆవిరి పడవలు. మరుసటి ఏడాది ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ ప్రదర్శించిన చిత్రంలో స్తంభాలు నిలబడే ఉన్నాయి, లాగే పడవ ఒక్కటే.