చేపలు చావకుండా ఊరి చెరువులో గుర్రపు డెక్క తీయడం ఎలా?

ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీటితో పాటే గుర్రపు డెక్క కూడా ఊరి చెరువుల్లోకి దిగుతుంది. నలుగురూ చేరి ఒక్క ఆదివారంలో మొత్తం లాగేస్తే మర్నాడు చేపలు చచ్చి తేలవచ్చు, దసరా నాటికి డెక్క మళ్లీ కమ్ముతుంది. ఈ రెండూ జరగకూడదంటే పని విడతలుగా సాగాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

వేసవిలో కాలువలు కట్టేశాక. అప్పుడు కొత్త డెక్క కొట్టుకురాదు. ఊదా పూలు విరగబూసేదాకా మాత్రం ఆగొద్దు. పువ్వు వాడాక కాడ నీళ్లలోకి వంగి విత్తనం రాలుస్తుంది. ఆ విత్తనం బురదలో 15 ఏళ్లకు పైగా బతికుంటుంది.

తూముకు తడిక

కాలువలు వదిలేలోపు తూము ముందు వెదురు తడిక నిలపండి. బద్దల మధ్య అంగుళం సందు ఉంటే చేపపిల్లలు దూరతాయి, డెక్క ఆగుతుంది. తడికకు పట్టిన చెత్త రోజూ తీయకపోతే నీరు దాని మీదుగా పొర్లి డెక్కను లోపలికి తెచ్చేస్తుంది.

వారానికి పావు వంతు

అసలు జాగ్రత్త ఇక్కడే. డెక్క కింద వెలుతురు లేని నీటిలో ప్రాణవాయువు ముందే తక్కువ. లాగినప్పుడు అడుగు బురద కదిలి ఉన్నదాన్నీ మింగేస్తుంది. పైగా నీరు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువును పట్టి ఉంచలేదు: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో పాత తరం చేసినట్టు ఒక్కరోజులో ఊడ్చేయడం చెరువుకు ప్రమాదం.

అందుకే చెరువును నాలుగు భాగాలు చేసుకుని వారానికి ఒకటి తీయండి. తెల్లవారుజామున ప్రాణవాయువు అతి తక్కువ కాబట్టి, ఎండ పడ్డాక ఎనిమిదింటికి దిగి మధ్యాహ్నానికి ఆపండి. మర్నాడు తెల్లారకముందే వెళ్లి చూడండి. కొరమేను, మార్పు చేపలు మామూలుగానే పైకొచ్చి గాలి పీల్చి వెళ్తాయి, వాటిని చూసి కంగారు పడొద్దు. శీలావతి, బొచ్చె పైనే ఉండి నోళ్లు తెరుస్తుంటే పని ఆపి, ఇంజనుతో చెరువు నీటినే ఎత్తి చెరువులోకి చిమ్మించండి. అవి మళ్లీ కిందికి దిగేదాకా డెక్క ముట్టుకోవద్దు.

కలుపు మందు కొడితే పని సులువే అనిపిస్తుంది. కానీ చచ్చిన డెక్క నీళ్లలోనే కుళ్లి, ఆ కుళ్లు ప్రాణవాయువునంతా తినేస్తుంది. మందు వద్దు.

కాళ్లకు గాయాలున్నవారు నీళ్లలో దిగకూడదు. దిగేవారు గమ్‌బూట్లు వేసుకుని, ముందు కర్రతో డెక్కను కదపాలి. పాములుంటాయి.

తీసిన డెక్క ఎక్కడ వేయాలి

గట్టు మీద వదిలేస్తే మొదటి వానకే మళ్లీ చెరువులోకి జారుతుంది. కనీసం పది అడుగుల అవతల, వేళ్లు పైకి ఉండేలా పరచండి. దాని బరువులో నూటికి 90 పాళ్లకు పైగా నీరే, మూడు నాలుగు రోజుల ఎండకు వాడిపోతుంది. పూలున్న మొక్కలను వేరుచేసి బాగా ఎండాక కాల్చండి. మిగతాది మూడడుగుల గోతిలో అర అడుగు డెక్క, దానిపై పేడనీళ్లు, పలచగా మట్టి చొప్పున పొరలు వేసి, 15 రోజులకోసారి తిరగేస్తే సుమారు మూడు నెలల్లో ఎరువు అవుతుంది. మురుగు కలిసే చెరువైతే ఆ ఎరువు కూరగాయలకు వాడొద్దు. డెక్క నీటిలోని భారలోహాలను పీల్చుకుంటుంది.

ఏది ఉంచాలి

ఒడ్డున తుంగ, జమ్ము, కలువ పీకొద్దు. చేపలు గుడ్లు పెట్టేదీ, నీటికోళ్లు గూడు కట్టేదీ వాటి మధ్యే. శుభ్రంగా కనిపించాలని అవి కూడా చెక్కేస్తే చెరువు కాస్తా నీళ్ల తొట్టి అవుతుంది. ఖాళీ అయిన నీటిలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లల్ని గానీ, ఇంటి అక్వేరియం చేపల్ని గానీ వదలొద్దు. అవి నాటు చేపలను బతకనివ్వవు.

తర్వాత

వెలుతురు తగిలాక బురదలోని విత్తనాలు మొలుస్తాయి. వెచ్చని నీటిలో డెక్క రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది, అంటే వదిలేసిన పది మొక్కలు రెండు నెలలకు 160. కనీసం రెండేళ్లు, వారానికోసారి ఒడ్డు చుట్టూ తిరిగి మొలకలను చేత్తో ఏరేయండి. చెరువు నిండిన మొదటి నెలలో ఒక్క వారమూ తప్పొద్దు.