జీతం జప్తు – మూడవ పాఠం: పే బిల్లులో ఎంత పట్టాలి?

ప్రభుత్వ ఉద్యోగి బాకీ కోసం అతని జీతంలో కొంత పట్టి పంపమని కోర్టు నుంచి వచ్చిన జప్తు ఉత్తర్వును చదవడం గత పాఠంలో నేర్చుకున్నాం. దానిని పే బిల్లులోకి ఎక్కించడం ఈ పాఠం. ఇలాంటి ఉత్తర్వు అప్పు తీసుకున్న ఉద్యోగి మీదే కాక, తోటివాడి చిట్టీకి మొహమాటపడి హామీ సంతకం చేసిన ఉద్యోగి మీద కూడా వస్తుంది కనుక లెక్కలో ఒక్క రూపాయి తప్పకూడదు.

‘మూడో వంతు పట్టేయండి’ అని ఆఫీసుల్లో అనే మాట సగమే నిజం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం, మామూలు అప్పు డిక్రీ (బాకీ చెల్లించాలన్న కోర్టు తీర్పు) అయితే జీతంలో మొదటి 1,000 రూపాయలనూ, మిగిలినదానిలో మూడింట రెండు వంతులనూ ముట్టుకోకూడదు. జీతాలు ఎంత పెరిగినా ఆ వెయ్యి మాత్రం 2002 నుంచి అక్కడే ఉంది. జీతమంటే చేతికొచ్చే మొత్తం కాదు. జప్తు వర్తించదని ప్రభుత్వం నోటిఫై చేసిన భత్యాలను తీసివేయగా మిగిలే మొత్తం నెలసరి రాబడి. అది 61,000 అనుకుంటే, వెయ్యి తీసి, మిగిలిన 60,000లో మూడో వంతు, అంటే 20,000 పట్టాలి. వెయ్యి మరిచిపోతే నెలకు 333 రూపాయలకు పైగా, 24 నెలలకు 8,000 రూపాయలు అన్యాయంగా పడతాయి. సస్పెన్షన్‌లో ఉన్నవారి జీవన భత్యం జోలికి అసలు పోకూడదు. మనోవర్తి (పోషణ ఖర్చు) డిక్రీ అయితే ముట్టుకోకూడనిది జీతంలో మూడో వంతే; వెయ్యి ప్రసక్తి లేదు.

ఆ 24 నెలల లెక్క ఎందుకంటే, మామూలు అప్పు డిక్రీ కింద వరుసగానైనా విడతలుగానైనా మొత్తం 24 నెలలు పట్టాక, బాకీ మిగిలి ఉన్నా అదే డిక్రీకి ఆ జీతాన్ని మళ్లీ జప్తు చేయకూడదు. వేరే డిక్రీలకైనా మరో 12 నెలలు ఆగాలి. కాబట్టి రిజిస్టరులో ఒక్కొక్క డిక్రీకీ పట్టిన నెలలు విడిగా రాయండి.

ఒక జప్తు నడుస్తుండగా రెండో కోర్టు ఉత్తర్వు వస్తే చాలామంది దానిని ఫైలులో పెట్టి ఊరుకుంటారు. అదే కోడ్ 21వ ఆర్డరు 48వ రూలు ప్రకారం, నడుస్తున్న జప్తు వివరాలన్నీ రాసి ఆ రెండో ఉత్తర్వును వెంటనే దానిని ఇచ్చిన కోర్టుకే తిప్పి పంపాలి. పట్టవలసిన సొమ్మును ఉద్యోగికి చెల్లించేస్తే, దానికి ప్రభుత్వం బాధ్యత వహించాలి.

అభ్యాసం: భత్యాలు పోను ఒక ఉద్యోగి జీతం 46,000, అప్పు డిక్రీ కింద 17 నెలలుగా పడుతున్నారు, ఇప్పుడు మరో కోర్టు నుంచి అప్పు డిక్రీ ఉత్తర్వు అందింది. నెలకు ఎంత పడుతున్నారో, ఇంకా ఎన్ని నెలలు పట్టవచ్చో లెక్కగట్టి, రెండో కోర్టుకు పంపవలసిన జవాబు రాయండి.