మనాలి-లేహ్ సైకిల్ రైడ్: బారాలాచా దాటే రోజు జాగ్రత్తలు

జులై ఆగస్టుల్లో మనాలి-లేహ్ సైకిల్ మీద వెళ్తున్నాం, సపోర్ట్ బండి ఉంది, టెంట్లు, వంటాయన అన్నీ ఉన్నాయి, ఇంకేం జాగ్రత్తలు తీస్కోవాలి అని మన హైదరాబాద్, వైజాగ్ రైడర్లు ఈ మధ్య బాగా అడుగుతున్నారు. మొత్తం రూట్ గురించి కాదు, ఒక్క రోజు గురించే చెప్తాను. జింగ్‌జింగ్‌బార్ నుంచి బారాలాచా లా (లా అంటే కొండల మధ్య దాటే కనుమ, పాస్) ఎక్కి అవతల సర్చూలో క్యాంప్ వేసే రోజు. దూరం యాభై కిలోమీటర్లు అటూఇటూగా, అంతే. శ్రీశైలం ఘాట్ ఎక్కినవాళ్లకి కాళ్ల పరంగా అదో పెద్ద లెక్క కాదు, కానీ ఈ ట్రిప్పులో నాకు ఎక్కువ భయం ఉన్న రోజు అదే.

ఎందుకో చెప్తాను. జింగ్‌జింగ్‌బార్ దాదాపు 14,000 అడుగులు, పాస్ 16,000, అవతల సర్చూ మళ్లీ 14,000. ఆల్టిట్యూడ్ సిక్‌నెస్‌కి, అంటే ఎత్తు పడక వచ్చే జబ్బుకి, అసలైన మందు కిందికి దిగడం కదా, సర్చూ నుంచి దిగడానికి దారే లేదు. వెనక్కి రావాలంటే మళ్లీ బారాలాచా ఎక్కాలి, ముందుకి పోదామంటే గాటా లూప్స్ 21 మలుపులు, ఆ పైన నకీ లా, లాచుంగ్ లా, అది ఇంకా ఎత్తు. అంటే అర్ధరాత్రి ఎవరికైనా బాగా సీరియస్ అయితే ఎటు పోయినా ముందు పైకే తీస్కెళ్లాలి. అదే జింగ్‌జింగ్‌బార్‌లో అయితే రోడ్డు కిందికే, బండిలో రెండు మూడు గంటల్లో కేలాంగ్, అక్కడ గవర్నమెంట్ హాస్పిటల్ ఉంది. కాబట్టి వెళ్లాలా వద్దా అనేది ఆ పొద్దున ఇవతలే తేల్చుకోవాలి, సర్చూ వెళ్లాక చూద్దాంలే అనుకోకండి.

మా గ్రూపులో అందరికన్నా స్ట్రాంగ్ రైడర్ ఒకడుండేవాడు, వికారాబాద్ కొండలు నవ్వుతూ ఎక్కేవాడు. ఆ రోజు పొద్దున తలనొప్పి ఉందని ఎవరికీ చెప్పలేదు, తన వల్ల గ్రూప్ ఆగిపోతుందేమోనని పెయిన్ కిల్లర్ వేస్కుని బయల్దేరాడు, అందరికంటే ముందే పాస్ ఎక్కేశాడు కూడా. రాత్రి సర్చూలో రెండుసార్లు వాంతి చేస్కున్నాడు, ఆ తర్వాత బయటికెళ్దామని లేచి జిప్ ఎక్కడుందిరా అంటూ టెంట్ గుడ్డ మీద చెయ్యి తడుముతూనే ఉన్నాడు, జిప్ వాడి మోకాలి దగ్గరే ఉంది. బయటికి తెచ్చి మడమకి వేళ్లు ఆనించి ఒక గీత మీద పది అడుగులు నడవరా అంటే మూడో అడుగులో పక్కకి పడిపోయాడు. రాత్రి ఒంటిగంటకి ఆక్సిజన్ పెట్టి బండిలో వేస్కుని అదే పాస్ మళ్లీ ఎక్కి కేలాంగ్ దించాం. బతికాడు. ఆ ప్రయాణం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఫిట్‌నెస్ ఉంటే ఎత్తు ఏమీ చెయ్యదు అనుకోవడం పెద్ద పొరపాటు, స్పీడ్‌గా ఎక్కేవాళ్లకే ఎక్కువ రిస్క్. 10,000 అడుగులు దాటాక రోజుకి 1,500 అడుగులకి మించి పడుకునే ఎత్తు పెంచకూడదంటారు, మనం 1,800 అడుగుల హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లం. దారిలో ముందు వచ్చే జిస్పాలో కనీసం రెండు రాత్రులు, పట్సియోలో ఒక రాత్రి ఉండి అప్పుడు జింగ్‌జింగ్‌బార్ రండి. ఎత్తు జబ్బు రాకుండా వేస్కునే డయామాక్స్ మాత్ర అంటారా, ఊర్లోనే డాక్టర్‌ని అడిగి తీస్కోండి, సల్ఫా మందులు పడనివాళ్లయితే అది తప్పకుండా చెప్పండి. మందు వేస్కున్నాం కదా అని రెస్ట్ రోజు కట్ చెయ్యకండి. నిద్ర పట్టట్లేదని నిద్రమాత్రలు, చలిగా ఉందని మద్యం, రెండూ వద్దు.

పొద్దున టీ ఇచ్చేటప్పుడే ఒకరు అందరినీ పేరు పెట్టి అడగాలి, తల నొప్పిగా ఉందా, తిన్నావా, నిద్ర పట్టిందా అని. తలనొప్పితో పాటు వాంతి వచ్చేలా ఉన్నా, తిండి చూస్తేనే వద్దనిపించినా ఆ మనిషి ఆ రోజు పైకి వెళ్లకూడదు. ఊరికే కూర్చున్నా ఆయాసం, ఆగని పొడి దగ్గు, తూలడం, వీటిల్లో ఏది కనిపించినా వెయిట్ చెయ్యకుండా దించెయ్యండి. ఆక్సీమీటర్ ఉంచుకోండి కానీ వేళ్లు చల్లగా ఉంటే తప్పు చూపిస్తుంది, నంబర్ కంటే మనిషిని చూడండి. ఇవన్నీ వంటాయనకి, డ్రైవర్ భయ్యాకి, హెల్పర్ కుర్రాడికి కూడా వర్తిస్తాయి, మనం వాళ్లని అడగం, వాళ్లంతట వాళ్లు చెప్పరు. హిందీలో రెండు ముక్కలు చాలు, సర్ మే దర్ద్ హై క్యా భయ్యా అని, అంటే తల నొప్పిగా ఉందా అని.

ఇక బండి సంగతి. ఒకే బండి ఉంటే సర్చూలో మధ్యాహ్నం గాలి లేచేలోపు టెంట్లు వేసేద్దామని క్రూ ముందే వెళ్లిపోతారు, అప్పుడు చివరి రైడర్ పాస్ కింద ఒక్కడే మిగిలిపోతాడు. చివరి రైడర్ పైకి ఎక్కేదాకా బండి పాస్ దాటకూడదు, టెంట్లు లేటైతే కానీండి. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకండి, అవతల లడఖ్‌లోకి వెళ్లాక మన ప్రీపెయిడ్ సిమ్ పని చెయ్యదు, అందుకే కలిసే చోట్లు ముందే అనుకోండి, ఎక్కేటప్పుడు సూరజ్ తాల్ దగ్గర, దిగేటప్పుడు భరత్‌పూర్ టెంట్ల దగ్గర. మధ్యాహ్నం ఒంటిగంటకి పైకి రాని వాళ్ల సైకిల్ బండెక్కాల్సిందే, ముందు రాత్రే అందరూ ఒప్పుకోవాలి.

బయల్దేరడం ఆరింటికల్లా. ఎండెక్కే కొద్దీ మంచు కరిగి రోడ్డు మీద నాలాల్లో నీళ్లు పెరుగుతాయి, పొద్దున చీలమండ దాకా ఉన్నది మధ్యాహ్నానికి మోకాలికి రావచ్చు. అడుగున రాళ్లు కనిపించకపోతే తొక్కకండి, దిగి సైకిల్‌ని ప్రవాహం కిందివైపు పెట్టుకుని నడవండి, లోతుగా ఉంటే బండిలో దాటండి.

పైన ఫోటోలకి పది నిమిషాలు చాలు. చెమటతో తడిసిన జెర్సీ మీదే దిగితే ఆ గాలికి వేళ్లు మొద్దుబారి బ్రేక్ నొక్కడం కూడా తెలియదు. పేరు రాసిన చిన్న బ్యాగు ఒక్కొక్కరికి, పొడి బనీను, విండ్ జాకెట్, మందం గ్లౌజులు, అది వెంట వచ్చే బండిలో చేతికందేలా ఉండాలి, టెంట్ సామాన్ల అడుగున కాదు. దిగేటప్పుడు బ్రేక్ పట్టుకునే ఉండకుండా వదిలి వదిలి నొక్కండి, గులకరాళ్ల మలుపులు, ఎదురుగా లారీలు ఉంటాయి.

క్యాంపులో ఆకలి ఉండదు, అయినా తినాలి. ఆ ఎత్తులో నీళ్లు 86 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు, అది లేకుండా క్రూని బయల్దేరనివ్వొద్దు. అన్నం, పప్పు, కొంచెం ఆవకాయ ఉంటే నోటికి రుచి తెలిసి నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి. వంట టెంట్‌లో వెచ్చగా ఉంటుందని స్టవ్ వెలిగించే పడుకుంటారు కొంతమంది, అది ప్రాణం తీసేస్తుంది, స్టవ్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్‌కి వాసన కూడా ఉండదు. పడుకునే ముందు మీరే వెళ్లి స్టవ్ ఆపారో లేదో చూడండి, హెల్పర్‌కి సరైన స్లీపింగ్ బ్యాగ్ ఉందో లేదో చూడండి, లేకపోతే మీ జాకెట్ ఇవ్వండి.

టెంట్‌లో ఒంటరిగా ఎవరినీ పడుకోనివ్వొద్దు. ఆక్సిజన్ సిలిండర్ మాస్క్ తగిలించి సిద్ధంగా పెట్టుకోండి. రాత్రికి బండి ముక్కు బారాలాచా వైపు తిప్పి పెట్టించండి, తాళం ఎవరి దగ్గరుందో అందరికీ తెలియాలి.